అల్జీమర్స్‌కి 'బేస్' నిరోధకాలు: ఇంటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇరవై ఆరేళ్లు డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పాను. అందులో చివరి ఎనిమిదేళ్లూ పొద్దున ఎంజైముల పాఠం చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి అల్జీమర్స్‌తో ఉన్న అమ్మకి అన్నం కలిపి పెట్టాను. అందుకేనేమో, తెలిసినవాళ్లూ వాళ్లకి తెలిసినవాళ్లూ ఈ మందుల గురించి నన్ను అడుగుతుంటారు. అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. ఏ మందు మొదలుపెట్టాలన్నా, ఏది ఆపాలన్నా మీ న్యూరాలజిస్టుని అడగకుండా చేయకండి.

మతిమరుపు జబ్బుకి ఎంజైమ్‌ని ఆపే కొత్త మాత్ర వచ్చిందట. ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడా దొరకదు. మీకు వచ్చిన మెసేజ్ బహుశా ఏళ్ల కిందటిది, ఇంకా తిరుగుతూనే ఉంది. అందులో చెప్పే మందుల్ని 'బేస్ నిరోధకాలు' అంటారు, అంటే బేస్ అనే ఎంజైమ్‌ని ఆపేవి. వీటిలో అందరికంటే ముందు చివరి దశ పరీక్షలదాకా వెళ్లింది మెర్క్ కంపెనీ తయారుచేసిన వెరుబెసెస్టాట్. 2017, 2018లో దాని రెండు పెద్ద ట్రయల్స్‌నీ మధ్యలోనే ఆపేశారు. ఆ కోవలోని మిగతా మందులు కూడా 2019 చివరికల్లా ఆగిపోయాయి. ఇవాళ్టికీ ఏ దేశంలోనూ అల్జీమర్స్‌కి బేస్ నిరోధకం మందుల షాపులోకి రాలేదు.

మరి ఆగిపోయిన మందు గురించి ఇంత రాయడం ఎందుకంటారా? ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్లకి ప్రతి రెండు మూడేళ్లకీ ఒక కొత్త ఆశ ఫోన్లో వచ్చి పడుతుంది. ఈ ఒక్క మందు కథ సరిగా తెలిస్తే, తర్వాత వచ్చే వార్తలో ఏం వెతకాలో తెలుస్తుంది.

అసలు ఎంజైమ్ అంటే ఏమిటి? దాన్ని ఆపడం అంటే?

శరీరంలో ప్రతి పనికీ ఒక పనివాడు ఉంటాడు. ఆ పనివాళ్లే ఎంజైములు. కొన్ని అతికిస్తాయి, కొన్ని కోస్తాయి. బేస్-1 కోసే రకం. మెదడు కణాల పొర మీద ఏపీపీ అనే పొడవాటి ప్రొటీన్ ఉంటుంది. దాన్ని బేస్-1 ఒకచోట కోస్తుంది. మిగిలిన ముక్కని గామా సిక్రిటేజ్ అనే మరో ఎంజైమ్ ఇంకోచోట కోస్తుంది. ఈ రెండు కోతల మధ్య ఊడిపడే చిన్న ముక్క పేరు అమిలాయిడ్ బీటా. అది అందరిలోనూ తయారవుతుంది, పోతూ ఉంటుంది. అల్జీమర్స్‌లో పోవడం తగ్గి పేరుకుంటుంది, ముద్దలు కడుతుంది. 1906లో జర్మనీలో అలాయిస్ అల్జీమర్ అనే డాక్టరు తన రోగి మెదడులో చూశానని చెప్పిన మచ్చలు ఈ ముద్దలే.

నిరోధకం అంటే కత్తెర నోట్లో అడ్డంగా ఇరికించిన పుల్ల లాంటిది. పుల్ల ఉన్నంతసేపూ కత్తెర మూసుకోదు, కోత పడదు. మొదటి కోతే పడకపోతే అమిలాయిడ్ పుట్టదు కదా అన్నదే ఆలోచనంతా. నేనూ క్లాసులో బోర్డు మీద ఇలాగే గీసి, ఇది తప్పకుండా పనిచేస్తుందని పిల్లలకి చెప్పాను.

అన్ని ఎంజైములుండగా దీన్నే ఎందుకు పట్టుకున్నారు?

దీన్ని 1999లో కనిపెట్టారు. ఆమ్‌జెన్ అనే మందుల కంపెనీతో సహా నాలుగైదు బృందాలు కొద్ది నెలల తేడాలో విడివిడిగా ఒకే ఎంజైమ్ దగ్గరికి చేరాయి. అంతకుముందే, 1992లో, స్వీడన్‌లో ఒక కుటుంబం సంగతి బయటపడింది. వాళ్ల ఏపీపీలో సరిగ్గా బేస్-1 కోసే చోటే మార్పు ఉంది. దానివల్ల కోత ఎక్కువ పడుతుంది. ఆ మార్పు ఉన్నవాళ్లకి చిన్న వయసులోనే అల్జీమర్స్ వస్తోంది.

2012లో దానికి సరిగ్గా తిరగబడిన ఉదాహరణ ఐస్‌లాండ్‌లో దొరికింది. డీకోడ్ సంస్థవాళ్లు 1,795 మంది ఐస్‌లాండ్ వాసుల జన్యువులు పూర్తిగా చదివితే, కొందరిలో అదే చోటికి పక్కన ఇంకో మార్పు కనిపించింది. ఇందులో కోత సుమారు 40 శాతం తగ్గుతుంది. ఈ మార్పు ఉన్నవాళ్లకి ముసలితనంలో అల్జీమర్స్ రావడం బాగా తక్కువ. ఎనభై ఐదు దాటినా బుర్ర చురుగ్గా ఉన్నవాళ్లలో ఈ మార్పు ఎక్కువగా కనిపించింది.

కోత పెరిగితే జబ్బు, తగ్గితే రక్ష. ప్రకృతే ప్రయోగం చేసి చూపించినట్టుంది. మందుల కంపెనీలు వేల కోట్లు పెట్టింది గాలివాటు నమ్మకంతో కాదు. ఈ 40 శాతం అనే అంకెని గుర్తుపెట్టుకోండి, దాంతో తర్వాత పని ఉంది.

మాత్ర తయారుచేయడానికి అంత కాలం ఎందుకు పట్టింది?

బేస్-1 హెచ్‌ఐవీ మందులు ఆపే ఎంజైమ్‌కి చుట్టం. రెండూ ఆస్పార్టిక్ ప్రొటియేజ్ అనే, ప్రొటీన్లని కోసే ఎంజైముల కుటుంబంవే. కాబట్టి మొదట అందరూ సులువనుకున్నారు. ఓక్లహోమాలో జోర్డాన్ టాంగ్, అప్పట్లో షికాగోలో ఉన్న మన దేశపు రసాయన శాస్త్రవేత్త అరుణ్ ఘోష్ కలిసి 2000 నాటికే మొదటి నిరోధకం తయారుచేశారు. తర్వాత హెచ్‌ఐవీకి వచ్చిన దారునవిర్ మందు వెనక ఉన్నదీ ఈ ఘోష్‌గారే.

కష్టమంతా కొలతల్లో ఉంది. బేస్-1 నోరు పెద్దది. దాన్ని నింపాలంటే మందు అణువు పెద్దదిగా ఉండాలి. పెద్ద అణువైతే రక్తంలోంచి మెదడులోకి పోనివ్వని అడ్డుగోడని దాటలేదు. చిన్నదైతే గోడ దాటుతుంది కానీ కత్తెర నోట్లో నిలవదు. ఈ రెంటికీ మధ్య దారి వెతకడానికే పదేళ్లు గడిచాయి. ఎలై లిల్లీ కంపెనీ మొదటి మాత్ర ఎలకల కంటి వెనక పొరని పాడుచేసిందని పక్కన పెట్టారు. వాళ్ల రెండో మాత్ర 2013లో కొందరు రోగుల లివర్‌ని ఇబ్బంది పెట్టడంతో ఆగింది. వెరుబెసెస్టాట్ ఈ గండాలు రెండూ దాటింది. అందుకే దాని మీద అంత ఆశ.

ట్రయల్స్‌లో ఏం జరిగింది?

మొదటి దాని పేరు ఎపాక్. 2012లో మొదలైంది. జబ్బు అప్పటికే తేలికగానో, మధ్యస్థంగానో ఉన్న 1,958 మంది చేరారు. కొందరికి రోజుకి 12 మిల్లీగ్రాములు, కొందరికి 40, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర, అంటే ప్లాసిబో. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఏడాదిన్నర, అంటే 78 వారాలు చూడాలని లెక్క.

మా తమ్ముడు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాడు. మెర్క్ ముఖ్య కార్యాలయం అక్కడికి పెద్ద దూరమేమీ కాదు. 2015లో అమ్మకి జబ్బు ఖాయమైన వారానికే వాడు ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడే తయారవుతోంది, రెండేళ్లు ఆగితే వచ్చేస్తుంది" అన్నాడు. నేను వంటింట్లో క్యాలెండరు మీద నిజంగానే ఆ రెండేళ్లూ లెక్కపెట్టుకున్నాను. 2017 ఫిబ్రవరిలో వాడే మళ్లీ చేశాడు. ట్రయల్‌ని బయటినుంచి గమనించే నిపుణుల కమిటీ, ఈ మందుతో మేలు తేలే అవకాశం దాదాపు లేదని చెప్పిందట. ఆపేశారు.

పూర్తి లెక్కలు 2018లో వచ్చాయి. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. మందు చేయాల్సిన పని చేసింది. వెన్నులోంచి తీసిన నీటిలో అమిలాయిడ్ బీటా 63 నుంచి 81 శాతం దాకా తగ్గింది. అంతగా తగ్గినా జ్ఞాపకశక్తి పరీక్షలో దిగజారడం ఏమాత్రం ఆగలేదు. 78 వారాల్లో సగటున 12 మిల్లీగ్రాములవాళ్లు 7.9 పాయింట్లు, 40వాళ్లు 8.0, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లు 7.7 కోల్పోయారు. అంటే తేడా లేదు. మందు వేసుకున్నవాళ్లలో దద్దుర్లు, పడిపోయి దెబ్బలు తగలడం, నిద్ర చెడటం, బరువు తగ్గడం, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా కనిపించాయి.

"జబ్బు ముదిరాక ఇచ్చారు, అందుకే పనిచేయలేదు" అని చాలామంది అన్నారు. నేనూ అన్నాను. రెండో ట్రయల్ ఏపెక్స్ సరిగ్గా ఆ అనుమానం తీర్చడానికే. ఇందులోకి తీసుకున్న 1,454 మందికీ స్కాన్‌లో అమిలాయిడ్ కనిపిస్తోంది, కొంచెం మరపు మొదలైంది, కానీ రోజువారీ పనులు తామే చేసుకుంటున్నారు. రెండేళ్ల తర్వాత చూస్తే 40 మిల్లీగ్రాముల వాళ్లు ఉత్తుత్తి మాత్ర వాళ్లకంటే ఎక్కువ దిగజారారు. అల్జీమర్స్ డిమెన్షియాలోకి, అంటే రోజువారీ పనులకీ అడ్డొచ్చే మరపులోకి, జారిన వాళ్లు ప్లాసిబో గుంపులో ఏడాదికి వందకి 19 మంది చొప్పున ఉంటే, మందు గుంపుల్లో 24, 25 మంది చొప్పున ఉన్నారు. తొలి నెలల్లోనే ఈ తేడా మొదలైంది.

మిగతా కంపెనీల మందుల సంగతి?

అటబెసెస్టాట్, జాన్సెన్ కంపెనీది: లివర్ సమస్యతో 2018 మేలో ఆగింది. లనబెసెస్టాట్, ఆస్ట్రాజెనెకా, లిల్లీ కలిసి చేసింది: ఫలితం లేదని 2018 జూన్‌లో ఆగింది. ఉమిబెసెస్టాట్, నోవార్టిస్, ఆమ్‌జెన్‌లది: జబ్బు ఇంకా రాని, కానీ వచ్చే ముప్పు ఎక్కువున్న వాళ్లకి ఇచ్చారు, పరీక్షల్లో మార్కులు తగ్గుతున్నాయని 2019 జులైలో ఆపారు. ఎలెన్‌బెసెస్టాట్, ఎయిసాయ్, బయోజెన్‌లది: 2019 సెప్టెంబరులో. అన్నిటి చివరా 'బెసెస్టాట్' అనే తోక ఉంటుంది. ఏదైనా వార్తలో ఆ తోక కనిపిస్తే, అది ఏ సంవత్సరం వార్తో ముందు చూడండి.

అమిలాయిడ్ తగ్గినా మనిషి ఎందుకు బాగుపడలేదు? ఇంకా చెడ్డారెందుకు?

ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. చాలామంది కలిపేస్తారు.

బాగుపడకపోవడానికి మొదటి కారణం సమయం. మరపు బయటపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందునుంచే అమిలాయిడ్ పేరుకుంటూ ఉంటుంది. అప్పటికే టావ్ అనే ఇంకో ప్రొటీన్ కణాల లోపల చిక్కులు పడి, నరాల కణాల్ని చంపుతూ ఉంటుంది. కొత్త అమిలాయిడ్ పుట్టకుండా ఆపడం అంటే పొలం మునిగాక తూము మూయడమే. పాత ముద్దలు చాలావరకు అలాగే ఉన్నాయి.

చెడిపోవడానికి కారణం వేరు. బేస్-1 అమిలాయిడ్ పుట్టించడానికని పుట్టిన ఎంజైమ్ కాదు. దానికి వేరే ఉద్యోగాలు చాలా ఉన్నాయి. న్యూరెగ్యులిన్ అనే ప్రొటీన్‌ని కోసి, నరాల చుట్టూ మైలిన్ తొడుగు సరిగా పట్టేలా చేసేది అదే. నరాల కణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లని నిలబెట్టే సీజ్-6 లాంటి ప్రొటీన్లనీ అదే కోస్తుంది. కొత్త విషయం నేర్చుకోవాలంటే ఆ కలిసే చోట్లు బలపడాలి. ఆ పనివాణ్ణి 80 శాతం ఆపేస్తే అమిలాయిడ్‌తో పాటు ఆ పనులూ ఆగుతాయి. మందు మొదలుపెట్టిన 13 వారాలకే స్కాన్‌లో మెదడు పరిమాణం కొద్దిగా తగ్గినట్టు కనిపించింది. ఆ తర్వాత పెద్దగా ముందుకి పోలేదు. జబ్బు ముదరడం అలా ఉండదు. ఇది మందు చేసిన పని.

దీనికి సూచనలు ముందు లేవా అంటే, ఉన్నాయి. 2001లో బేస్-1 లేకుండా పుట్టించిన ఎలకలు చూడటానికి ఆరోగ్యంగానే ఉన్నాయి. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 2006లో ఇంకొంచెం లోతుగా చూస్తే వాటి నరాల మీద మైలిన్ పల్చగా ఉందని తేలింది. తర్వాత మూర్ఛల్లాంటివీ బయటపడ్డాయి. అయితే అవి పుట్టుకనుంచే ఎంజైమ్ లేని ఎలకలు, పెద్దవాళ్లలో కొంతకాలం ఆపితే పర్వాలేదు అనుకున్నారు. ఆ అనుకోవడం తప్పని మనుషుల్లోనే తేలింది. ఈ మందు కథలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే.

మందు వేసుకున్నవాళ్ల జుట్టు రంగు మారిందట, నిజమేనా?

నిజమే, కొందరిలో మారింది. బేస్-1కి బేస్-2 అనే కవల లాంటిది ఒకటుంది. జుట్టుకి, చర్మానికి రంగునిచ్చే కణాల్లో అది పనిచేస్తుంది. మందు రెండింటినీ ఆపింది. ప్రమాదమేమీ కాదు. మందు ఎన్నిచోట్లకి వెళ్తుందో కంటికి కనిపించేలా చెప్పిన గుర్తు అది.

మందు వేసుకున్నవాళ్లకి శాశ్వతంగా నష్టం జరిగిందా?

అటబెసెస్టాట్ ట్రయల్‌లో మందు ఆపాక ఆరు నెలలదాకా గమనిస్తే, దిగజారిన మార్కులు మళ్లీ కోలుకుంటున్న సూచనలు కనిపించాయి. ఉమిబెసెస్టాట్‌లోనూ తేడా చిన్నది, మొదట్లోనే వచ్చి ఆగింది. మందువల్ల వచ్చిన భాగం మందుతోనే పోతున్నట్టుంది. జబ్బు మాత్రం తన దారిన తాను నడుస్తూనే ఉంటుంది.

మోతాదు తగ్గించి ఇస్తే?

ఇక్కడే ఆ 40 శాతం అంకె. ఐస్‌లాండ్ వాళ్లకి కోత తగ్గింది సుమారు 40 శాతం, అదీ పుట్టినప్పటినుంచి, ఏపీపీ ఒక్కదాని మీదే. వాళ్ల బేస్-1 మిగతా ఉద్యోగాలన్నీ మామూలుగానే చేసుకుంటుంది. మందు మాత్రం ఎంజైమ్‌నే ఆపింది, అంతకు రెట్టింపు ఆపింది, అదీ డెబ్బై ఏళ్ల వయసులో. అందుకే సగం కంటే తక్కువ ఆపే చిన్న మోతాదుని, జబ్బు రాకముందే, ఏళ్ల తరబడి ఇచ్చి చూడాలని వాదించే శాస్త్రవేత్తలున్నారు. నాకు ఆ వాదన సబబుగానే తోస్తుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషికి, మెదడు మీద పనిచేసే మందు ఏళ్లపాటు ఇవ్వాలంటే ముందు చూపించాల్సిన భద్రత చాలా ఉంది. ఇంట్లో ఇప్పటికే జబ్బుతో ఉన్నవాళ్లకి ఈ దారి పనికిరాదు.

మా నాన్నగారికి డోనెపెజిల్ రాశారు. అదీ ఎంజైమ్ నిరోధకమేనట. ఆపేయాలా?

ఆపకండి. ఈ భయంతో మాత్రలు ఆపేసిన ఇళ్లు నాకు రెండు తెలుసు. డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ కూడా ఎంజైమ్ నిరోధకాలే, కానీ అవి ఆపేది వేరే ఎంజైమ్‌ని. ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నరాల మధ్య కబురు మోస్తుంది. దాన్ని విరిచేసే ఎంజైమ్‌ని ఇవి కొంత ఆపుతాయి, దాంతో కబురు కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. డోనెపెజిల్ అమెరికాలో 1996 నుంచీ వాడుకలో ఉంది, దాని మంచీచెడూ డాక్టర్లకి బాగా తెలుసు. జబ్బుని ఆపదు. కొంతమందికి కొన్నాళ్లు రోజు గడవడం తేలికవుతుంది.

వికారం, విరేచనాలు, నాడి నెమ్మదించడం ఉంటే డాక్టరుకి చెప్పండి. కళ్లు తిరిగి పడిపోతే వెంటనే చెప్పండి. అమ్మకి రాత్రి మాత్ర వేస్తే ఒళ్లు జలదరించే కలలు వచ్చేవి, అర్ధరాత్రి లేచి చనిపోయిన మా పెదనాన్నతో మాట్లాడేది. డాక్టరుగారు మాత్రని పొద్దుటికి మార్చారు. అంతటితో ఆ కలలు పోయాయి.

లెకానెమాబ్, డోనానెమాబ్ కూడా ఇలాంటివేనా?

కావు. అవి ఎంజైమ్ జోలికి పోవు. అవి యాంటీబాడీలు, రక్తనాళంలోకి ఎక్కిస్తారు, పేరుకున్న అమిలాయిడ్‌ని పట్టుకుని తొలగిస్తాయి. లెకానెమాబ్‌కి అమెరికాలో 2023లో, డోనానెమాబ్‌కి 2024లో అనుమతి వచ్చింది. లెకానెమాబ్ ట్రయల్‌లో ఏడాదిన్నరలో దిగజారడం 27 శాతం నెమ్మదించింది. 18 పాయింట్ల కొలత మీద అది అర పాయింటు లోపు తేడా. మేలు ఉంది, చిన్నది. పైగా మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు రావచ్చు, మాటిమాటికీ ఎమ్మారై తీయాలి. జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లకే ఇస్తారు. మీ ఇంట్లో మనిషి మిమ్మల్ని గుర్తుపట్టని స్థితిలో ఉంటే, దీనికోసం పొలం అమ్ముకోకండి.

పార్కిన్సన్స్‌కి ఎంజైమ్ నిరోధకాలున్నాయా?

వాడుకలో ఉన్నవి ఉన్నాయి. సెలెజిలిన్, రసాజిలిన్, ఎంటాకపోన్ మెదడులోని డోపమిన్ అనే రసాయనాన్నో, దానికోసం ఇచ్చే లీవోడోపా మందునో తొందరగా విరిగిపోకుండా ఆపుతాయి. ప్రయోగంలో ఉన్నవాటిలో ముఖ్యమైనది ఎల్‌ఆర్‌ఆర్‌కే-2 అనే ఎంజైమ్‌ని ఆపే మందు. ఆ జన్యువులో మార్పు వల్ల ఎంజైమ్ అతిగా పనిచేసి కొందరికి పార్కిన్సన్స్ వస్తుంది. డెనలి, బయోజెన్ కంపెనీలు 2022లో లూమా అనే ట్రయల్ మొదలుపెట్టాయి. ఇలాంటి మందులతో జంతువుల ఊపిరితిత్తుల్లో మార్పులు కనిపించాయి కాబట్టి, దాని వార్త వచ్చినప్పుడు ఊపిరితిత్తుల మాట ఏమన్నారో కూడా వెతకండి.

ఆన్‌లైన్‌లో వెరుబెసెస్టాట్ పొడి అమ్ముతున్నారు. తెప్పించుకోవచ్చా?

వద్దు. అది ప్రయోగశాలల కోసం అమ్మే రసాయనం. మనుషులకి కాదని దాని మీదే రాసి ఉంటుంది. శుద్ధత గురించి ఎవరూ పూచీ పడరు. అసలు సరుకే వచ్చిందనుకున్నా, మనుషుల్ని దిగజార్చిందని తేలిన మందు అది. మీ అమ్మగారికి చేతులారా అది పోయకండి.

మావాళ్లు "వయసు మీద పడింది, చాదస్తం" అంటున్నారు. డాక్టరుకి చూపించాలా?

చూపించండి. మా అమ్మ పదిహేను చుక్కల ముగ్గు చూడకుండా వేసేది. 2014లో సంక్రాంతి నెల, ఇంకా చీకటి ఉండగా, వాకిట్లో తొమ్మిది చుక్కల ముగ్గు ముందు కూర్చుంది. గీత తిరిగొచ్చి మొదటి చుక్కని కలవడం లేదు. చేత్తో చెరిపింది, మళ్లీ వేసింది, మళ్లీ చెరిపింది. నాలుగోసారి లేచి లోపలికొచ్చి "పిండి తడిసిపోయింది" అంది. చూశాను, పిండి పొడిగానే ఉంది. ఆ రోజు నేను ఎవరికీ చెప్పలేదు. ఏడాది పైగా అలాగే గడిచింది.

ఆ ఏడాదిలో మందు వచ్చి ఉండేది కాదు, నిజమే. కానీ థైరాయిడ్, బి-12 తక్కువ కావడం, డిప్రెషన్, వేసుకునే కొన్ని మాత్రలు కూడా ఇలాగే మరపు తెస్తాయి, వాటికి వైద్యం ఉంది. అవి కావని తేలితేనే అల్జీమర్స్ మాట. తొలి దశలో తెలిస్తే బ్యాంకు సంతకాలు, ఆస్తి కాగితాలు, ఆమె ఇష్టాలు ఆమె నోటితోనే విని రాసుకోవచ్చు. చెవుడు ఉంటే మిషను పెట్టించండి, బీపీ, షుగరు అదుపులో ఉంచండి. ఇవి కూడా మెదడుకి వైద్యమే. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడిగారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ఒక విషయం తేల్చింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువురానివాళ్లలో కూడా. ఒంటరిగా చూసుకుంటూ దిక్కుతోచకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చేయండి.

ఇక్కడ ఏదైనా ట్రయల్‌లో చేరాలంటే?

మన దేశంలో జరిగే ట్రయల్ ఏదైనా సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. నమోదు నంబరు చెప్పలేని ట్రయల్ దగ్గర ఆగకండి. డబ్బు కట్టమంటే అసలే ఆగకండి. అంగీకార పత్రం మీకు అర్థమయ్యే తెలుగులో ఉండాలి, ఒక ప్రతి మీ చేతికివ్వాలి. మరపు ఉన్న మనిషి కాబట్టి ఇంట్లోవాళ్లు కూడా పక్కన కూర్చోవాలి. కొత్త మందైతే, ఇలాంటి బలహీన స్థితిలో ఉన్నవాళ్ల అంగీకారాన్ని వీడియో తీయాలని 2019 నియమాలు చెబుతున్నాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు, పరిహారం నిర్వాహకులవి. మధ్యలో ఎప్పుడైనా బయటికి రావచ్చు, మామూలు వైద్యం ఆగదు.

సంతకానికి ముందు ఈ మాట తప్పకుండా అడగండి: "ఈ మందు బాగా పనిచేసిందని మీరు దేన్ని చూసి చెబుతారు? వెన్ను నీటిలో అంకెనా, స్కాన్‌నా, లేక మా అమ్మ తన చీర తనే కట్టుకోవడమా?" మంచి డాక్టరు ఈ ప్రశ్నకి విసుక్కోరు.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. అక్కడి ట్రయల్‌లో అమ్మని చేర్చగలమా?

చాలా ఇళ్లలో ఈ ఆలోచన వస్తుంది. మా తమ్ముడికీ వచ్చింది. రెండు చిక్కులు ఎదురవుతాయి. జ్ఞాపకశక్తి పరీక్షలు ఆ ట్రయల్ భాషలోనే పెడతారు, ఆ భాష ధారాళంగా వచ్చి ఉండాలి. తెలుగులో కథ చెప్పి మళ్లీ చెప్పమంటే చెప్పే అమ్మ, ఇంగ్లిష్‌లో అడిగితే జబ్బు లేకపోయినా తప్పుతుంది. రెండోది, వారానికి కొన్ని గంటలు ఆమెతో గడిపి, మార్పులు గమనించి చెప్పే ఒక మనిషి పేరు రాయించాలి. ఉద్యోగానికి పోయే కొడుకూ కోడలూ ఆ గంటలు ఎక్కడినుంచి తెస్తారు? దాంతోపాటు విజిటర్ వీసాకి గడువుంటుంది, ట్రయల్ ఏళ్లు నడుస్తుంది. తమ్ముడు అవన్నీ కనుక్కుని టికెట్ మాట మానుకున్నాడు. ఆ సెలవులకి వాడే ఇక్కడికొచ్చి నెల్లాళ్లు అమ్మ దగ్గరే ఉన్నాడు. పొద్దున్నే వాడు వాకిట్లో చుక్కలు పెట్టేవాడు, ఆమె వేలుతో ఒక్కో చుక్కనీ తాకి లెక్కపెట్టేది.